పాఠకుల ప్రశ్నలు: తల్లి లేని ఒరాంగుటాన్‌కు అడవిని నేర్పేదెవరు?

బోర్నియో దీవిలోని ఒక పునరావాస కేంద్రంలో ఒక మహిళ ఒంటిచక్రపు తోపుడు బండిలో ఆరేడు ఒరాంగుటాన్ (తోక లేని పెద్ద వానరం) పిల్లలను కూర్చోబెట్టుకుని తోసుకెళ్తున్న ఛాయాచిత్రాన్ని గత సంచికలో ప్రచురించాం. దాని కింద రాసింది నాలుగు వాక్యాలే అయినా, వచ్చిన ఉత్తరాలు చాలా ఉన్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ప్రశ్నలకే కేటాయించాం. ఇద్దరు ముగ్గురు ఒకే సందేహం అడిగిన చోట వాటిని కలిపి ఒకే ప్రశ్నగా ఇచ్చాం.

ప్రశ్న: ఆ పిల్లలను బండిలో ఎక్కించి ఎక్కడికి తీసుకెళ్తున్నారు? అడవి పక్కనే ఉంది కదా, వదిలేస్తే వాటి బతుకు అవి బతకవా? కోతి పిల్లకు చెట్టెక్కడం ఒకరు నేర్పాలా?
(ఒక పాఠకురాలు, తిరుపతి)

జవాబు: నేర్పాలండీ, ఒరాంగుటాన్ విషయంలో అసలు చిక్కంతా అక్కడే ఉంది. మన ఊళ్లలో తిరిగే కోతులు మందలుగా బతుకుతాయి కాబట్టి తల్లి పోయిన పిల్ల కూడా చుట్టూ ఉన్నవాటిని చూసి ఎంతో కొంత నేర్చుకుంటుంది. ఒరాంగుటాన్‌కు అలాంటి మంద ఉండదు. పెద్ద మగవి ఒంటరిగా తిరుగుతాయి, ఆడది తన పిల్లతో తాను బతుకుతుంది. కాబట్టి ఆ పిల్లకు బడీ, పంతులూ, ఆటకు తోడూ, భయమేస్తే కరుచుకునే ఒళ్లూ అన్నీ తల్లే. ఆ చదువు ఆరు నుంచి ఎనిమిదేళ్లు సాగుతుంది. పాలు కూడా అన్నేళ్లూ తాగుతాయని వాటి పళ్లే సాక్ష్యం చెప్పాయి. తల్లిపాలలో ఉండే బేరియం పెరుగుతున్న పళ్లలో పొరలు పొరలుగా పేరుకుంటుంది. 2017లో వెలువడిన ఒక పరిశోధనలో ఆ పొరలను పరిశీలిస్తే, కొన్ని పిల్లలు ఎనిమిదేళ్లు దాటాక కూడా, అడవిలో పండ్లు కరువైన కాలంలో మళ్లీ తల్లి పాలకు వచ్చినట్టు తేలింది.

అన్నేళ్లు నేర్చుకోవడానికి ఏముందని అనిపించవచ్చు. బోర్నియో వర్షారణ్యం మన మామిడి తోటలా ఏటా ఒకే వేళకు కాయదు. అక్కడి మహావృక్షాలు కొన్నేళ్లు ఊరుకుని, ఒక ఏడాది అన్నీ కలిసి విరగకాస్తాయి, మళ్లీ కొన్నేళ్లు ఊరుకుంటాయి. ఏ చెట్టు ఎక్కడ ఉంది, ఎప్పుడు పండుతుంది, ముళ్లున్న దురియన్ కాయను ఎలా చీల్చాలి, పండ్లు లేనప్పుడు ఏ చెట్టు బెరడు గీరి లోపలి మెత్తని పొరను తినాలి, చెదపురుగులను ఎలా తీయాలి, ఏ కొమ్మ తన బరువును ఆపుతుంది, ఇవన్నీ తల్లి భుజం మీద నుంచి చూసి నేర్చుకోవలసినవి. ఈ పాఠాలేవీ రాని రెండేళ్ల పిల్లను అడవిలో వదలడమంటే గాలిలో దీపం పెట్టి దేవుడి మీద భారం వేయడమే.

మీరు చూసిన చిత్రం న్యారు మెంటెంగ్‌లోనిది. బోర్నియోలో ఇండోనేషియాకు చెందిన మధ్య కాలిమంతాన్ ప్రాంతంలో, పాలంకారాయా నగరానికి దగ్గరలో ఉన్న ఈ కేంద్రాన్ని 1999లో లోనె డ్రోషర్ నీల్సన్ అనే డెన్మార్క్ మహిళ ప్రారంభించారు. 1991లో పుట్టిన బోర్నియో ఒరాంగుటాన్ సర్వైవల్ ఫౌండేషన్ దీన్ని నడుపుతోంది. కొత్తగా వచ్చిన పిల్లను ముందు విడిగా ఉంచి క్షయ, కామెర్ల వంటి జబ్బులకు పరీక్షలు చేస్తారు, ఎందుకంటే మనకొచ్చే జబ్బుల్లో చాలావాటిని మనం వాటికి అంటించగలం. ఆ తర్వాత పెంపుడు తల్లులైన స్థానిక మహిళల చేతికి అప్పగిస్తారు. పొద్దున్నే పాలు పట్టి, బండిలో ఎక్కించి, పక్కనే ఉన్న అడవికి తీసుకెళ్లి, సాయంత్రానికి తిరిగి తెస్తారు. దానిని అటవీ పాఠశాల అంటారు. ఆ బండి మన వీధుల్లో తిరిగే స్కూలు ఆటో లాంటిదన్నమాట.

ఆ పాఠశాలలో అన్నిటికంటే కష్టమైన పని పిల్లను చంక దింపడం. తల్లిని పోగొట్టుకున్న పిల్ల దొరికిన మనిషి చేతిని వదలదు. ఆ మహిళలే చెద పట్టిన చెక్కను పగలగొట్టి చూపిస్తారు, ఆకులు తుంచి నోట్లో పెట్టుకుని చూపిస్తారు, చిన్న కొమ్మ మీదికి ఎక్కిస్తారు, కిందికి దిగి నేల మీద ఆడుకుంటుంటే మళ్లీ పైకి తరుముతారు. ముద్దు చేయాలి కానీ మనిషికి మాలిమి కానివ్వకూడదు. రోజూ ఎత్తుకుని పెంచిన బిడ్డ తనను మరిచిపోవాలని కోరుకునే ఆ పెంపకాన్ని తలచుకుంటే నాకు మనసు నిండిపోతుంది. తరగతులు దాటిన కొద్దీ మనిషి తోడు తగ్గుతుంది. చివరికి నదిలోని దీవుల మీద వదులుతారు. ఒరాంగుటాన్లకు ఈత రాదు కనుక చుట్టూ ఉన్న నీళ్లే కంచె. అక్కడ తిండి కొంత అందిస్తారు, చేయి మాత్రం వేయరు. అక్కడ నెగ్గిన వాటినే దూరపు అడవికి చేరుస్తారు. పిల్లగా వచ్చినప్పటి నుంచి ఆ రోజు వరకు ఏడెనిమిదేళ్లు పట్టడం మామూలే, అంటే తల్లి దగ్గర ఉంటే పట్టే కాలమే.

ప్రశ్న: ఇన్ని పిల్లలు తల్లి లేనివి ఎలా అవుతున్నాయి? తల్లులు వదిలేసి పోతున్నాయా?
(ఒక ఉపాధ్యాయుడు, నిజామాబాద్)

జవాబు: ఒరాంగుటాన్ తల్లి బతికుండగా పిల్లను వదలదు. పిల్ల మనిషి చేతికి వచ్చిందంటే తల్లిని చంపారనే అర్థం చేసుకోవాలి. అడవి నరికిన చోట ఆకలికి తోటలోకి వచ్చి లేత ఆయిల్ పామ్ మొక్కల మొవ్వు పీక్కుతిన్నందుకు కొందరు చంపుతారు. మాంసానికి చంపేవారున్నారు. ఎదురుపడితే భయపడి చంపేవారూ ఉన్నారు. ఒంటిని కరుచుకుని ఉన్న పిల్లను తెచ్చి ఇంట్లో పెట్టెలో పెంచుకుంటారు లేదా అమ్ముకుంటారు. కొనేవారు దూరదేశాల్లోనూ ఉంటారు. థాయ్‌లాండ్‌లోని ఒక వినోద కేంద్రంలో కుస్తీ ఆటలు ఆడించడానికి దొంగతనంగా చేరవేసిన ఒరాంగుటాన్లలో 48ని 2006లో ఇండోనేషియాకు తిప్పి పంపారు. ఇండోనేషియాలో ఈ జంతువుకు చట్టరక్షణ డచ్చివారి పాలనలోనే, 1931 నుంచే ఉంది. 1990 చట్టం ప్రకారం పట్టుకున్నా, పెంచుకున్నా, అమ్మినా ఐదేళ్ల వరకు జైలు ఉండేది, 2024లో ఆ చట్టాన్ని సవరించి శిక్షను ఇంకా పెంచారు.

2019 మార్చిలో ఇండోనేషియాలోని మరో దీవి సుమత్రాలో, అచే ప్రాంతంలో ఒక పామ్ తోట దగ్గర దొరికిన తల్లి సంగతి చెబుతాను. ఎక్స్‌రే తీస్తే ఒంట్లో 74 ఎయిర్‌గన్ గుళ్లు కనిపించాయి, చూపు రెండు కళ్లలోనూ పోయింది. దాని చిన్న పిల్ల తిండి లేక నీరసించి, చికిత్సకు తీసుకెళ్తుండగా దారిలోనే చనిపోయింది. తల్లికి హోప్ అని, అంటే ఆశ అని పేరు పెట్టారు. అది బతికింది కానీ అడవికి మళ్లీ పోలేదు.

ఈ జంతువులో తల్లి చావు ఎంత నష్టమో లెక్క వేస్తే తెలుస్తుంది. ఆడది సుమారు పదిహేనేళ్లకు మొదటి పిల్లను కంటుంది, ఆ తర్వాత ఏడెనిమిదేళ్లకు ఒకటి. నేల మీది క్షీరదాల్లో కాన్పుకూ కాన్పుకూ ఇంత ఎడం మరే జంతువుకూ లేదు. జీవితమంతా కలిపి నాలుగైదు కాన్పులు, అంతే. కాబట్టి పెద్ద ఆడవాటిలో ఏటా నూటికి ఒకటి చొప్పున వేటకు పోయినా ఆ ప్రాంతంలోని ఒరాంగుటాన్లు కాలక్రమంలో అంతరించే దారిలో పడతాయి.

ప్రశ్న: ఇంత శ్రమపడి వదిలినవి నిజంగా అడవిలో నిలదొక్కుకుంటున్నాయా? ఈ డబ్బుతో అడవినే కొనవచ్చు కదా?
(ఇద్దరు పాఠకులు, విజయవాడ, వరంగల్)

జవాబు: మీ రెండు ప్రశ్నలకూ ముడి ఉంది. మొదటిదానికి జవాబు: చాలావరకు నిలదొక్కుకుంటున్నాయి, అన్నీ కావు. వదిలే ముందు చర్మం కింద చిన్న ట్రాన్స్‌మిటర్ అమరుస్తారు. అడవిలోనే మకాం వేసిన సిబ్బంది తెల్లవారుజామున అది గూడు దిగక ముందే చెట్టు కిందికి చేరి, సాయంత్రం మళ్లీ గూడు కట్టుకునే దాకా వెంట నడిచి, ఏం తిన్నదో, ఎంతసేపు నేల మీద ఉన్నదో నిమిషాల లెక్కన రాస్తారు. బ్యాటరీ అయిపోయాకో, కొండల మడతల్లో సంకేతం అందకో కొన్నిటి ఆచూకీ తప్పిపోతుంది. మళ్లీ కనిపించినప్పుడు కొన్ని ఆడవి చంకన పిల్లతో ఉంటాయి. అడవిలో పుట్టి మనిషి చేయి తగలని ఆ పిల్లను మించిన ఫలితం ఇంకేముంటుంది?

2017లో మధ్య కాలిమంతాన్‌లోని ఒక పల్లెలో బోనులో దొరికిన ఆల్బా అనే ఆడ ఒరాంగుటాన్ సంగతి మీలో కొందరు చదివే ఉంటారు. ఒళ్లంతా తెలుపు, నీలి కళ్లు, ఎండ పడితే కష్టం. దానిని తీసుకొచ్చినప్పుడు బరువు ఎనిమిది కిలోలు దాటి కొంచెమే. ఆ రంగుతో అడవిలో బతకగలదా అని చాలా తర్జనభర్జన జరిగింది. చెట్లెక్కడంలోనూ, తిండి వెతుక్కోవడంలోనూ సత్తా చూపించాక, 2018 డిసెంబరులో కికా అనే నేస్తంతో పాటు బుకిత్ బాకా బుకిత్ రాయా జాతీయ పార్కులో వదిలారు.

ఇక రెండో ప్రశ్న. మీరు అన్న పనిని వాళ్లు నిజంగానే చేయవలసి వచ్చింది. 2002 తర్వాత పదేళ్ల పాటు, న్యారు మెంటెంగ్‌ను నడిపే సంస్థ ఒక్క ఒరాంగుటాన్‌ను కూడా అడవికి పంపలేకపోయింది. పిల్లలు పెద్దవయ్యాయి, చదువు పూర్తయింది, పంపడానికి క్షేమమైన అడవి లేదు. ఇప్పటికే ఒరాంగుటాన్లు నిండుగా ఉన్న అడవిలో కొత్తవాటిని వదలకూడదు, ఎందుకంటే జబ్బులు అంటవచ్చు, తిండికి పోటీ వస్తుంది. బోర్నియో ఒరాంగుటాన్లలో మూడు ఉపజాతులున్నాయి, ఒక ప్రాంతం దానిని మరో ప్రాంతంలో కలపకూడదు. పల్లెలకు దూరంగా ఉండాలి, పండ్ల చెట్లు చాలినన్ని ఉండాలి. చివరికి ఆ సంస్థ అడవిని లీజుకు తీసుకోవడానికే ఒక కంపెనీ పెట్టి, 2010లో తూర్పు కాలిమంతాన్‌లో కెహ్‌జె సెవెన్ అనే 86,450 హెక్టార్ల అడవిని, కలప కొట్టే కంపెనీలు లీజుకు తీసుకున్నట్టే సొమ్ము కట్టి తీసుకుంది. తేడా ఒక్కటే: వీళ్లు తీసుకున్నది చెట్టు కొట్టకుండా ఉంచడానికి. 2012 నుంచి మళ్లీ వదలడం మొదలై, ఇప్పటికి ఆ సంఖ్య 500 దాటింది. మధ్యలో 2020లో కోవిడ్ వల్ల కొన్ని నెలలు ఆపవలసి వచ్చింది.

ఆ 500ను మరో అంకె పక్కన పెట్టి చూడాలి. 1999 నుంచి 2015 వరకు బోర్నియోలో లక్షకు పైగా ఒరాంగుటాన్లు తగ్గిపోయాయని 2018లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అందులో చాలా భాగం చెట్లు నిలిచి ఉన్న అడవుల్లోనే, అంటే వేట వల్ల జరిగింది. పునరావాస కేంద్రాలను నేను చిన్నచూపు చూడటం లేదు. అవి ఆసుపత్రులు, తలుపు తట్టిన బిడ్డను కాదనలేవు. అయితే జాతిని నిలబెట్టేది మాత్రం అడవిలో పిల్లను చంకనేసుకుని తిరుగుతున్న తల్లే. దాని అడవిని కాపాడితే బండీ, బడీ, దీవీ ఏవీ అక్కరలేదు. సుమత్రాలో బాతాంగ్ తోరు కొండల్లో ఉన్న తపనులి ఒరాంగుటాన్‌ను వేరే జాతిగా గుర్తించిందే 2017లో. అవి 800లోపే ఉన్నాయి. వాటికి అడవి పోతే ఏ పునరావాసమూ తీర్చలేదు.

ప్రశ్న: మాకు పది ఎకరాల ఆయిల్ పామ్ తోట ఉంది. మా అమ్మాయి కాలేజీలో విని వచ్చి, "నాన్నా, మన గెలల వల్లే ఆ జంతువులు చచ్చిపోతున్నాయట" అంటోంది. నేను తప్పు చేస్తున్నానా? పామాయిల్ వాడకం మానేయమని మీరు చెబుతారా?
(ఒక రైతు, అశ్వారావుపేట ప్రాంతం)

జవాబు: మీ అమ్మాయి బాధ నిజమైనదే, కానీ నేరం మీ గెలలది కాదు. అశ్వారావుపేటలోనూ, జంగారెడ్డిగూడెంలోనూ వేసిన తోటలు ఎక్కువగా అంతకు ముందు మరో పంట పండిన భూముల్లో వేసినవి. వర్షారణ్యం నరికి వేసినవి కావు. దేశంలో ఆయిల్ పామ్ గెలల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, తెలంగాణది రెండో స్థానం. ఈ పంటపై పరిశోధించే జాతీయ సంస్థ ఏలూరు దగ్గర పెదవేగిలో ఉంది. మన దగ్గర ఈ పంట గురించి అడగవలసిన ప్రశ్న నీళ్ల గురించి. బోర్లు ఎంత లోతుకు పోతున్నాయో మీకు నాకంటే బాగా తెలుసు.

మరి ఒరాంగుటాన్‌తో మన సంబంధం ఎక్కడుంది? మన వంటింట్లో ఉంది. ఇక్కడ పండే నూనె దేశ అవసరానికి ఏ మూలకూ చాలదు. ఏటా 70 లక్షల టన్నులకు పైగా పామాయిల్ బయటి నుంచి తెచ్చుకుంటున్నాం. ప్రపంచ ఉత్పత్తిలో దాదాపు 85 శాతం ఇండోనేషియా, మలేషియాలదే. మిరపకాయ బజ్జీల బాండీలో, బేకరీ బిస్కెట్లో, వనస్పతిలో, ఒంటి సబ్బులో ఆ నూనె ఉంటుంది. ఆ దేశాల్లో తోటలన్నీ అడవి నరికి వేసినవే అనడం సరికాదు, కానీ గత నలభై ఏళ్లలో బోర్నియో, సుమత్రా పల్లపు అడవులు పోయింది ఎక్కువగా కలపకూ, ఈ తోటలకే. ఒరాంగుటాన్లకు బాగా అనువైనవీ ఆ పల్లపు అడవులే.

మానేయమని మాత్రం నేను చెప్పను. ఎందుకంటే ఒక హెక్టారు ఆయిల్ పామ్ సగటున మూడు టన్నులకు పైగా నూనె ఇస్తుంది, సోయా అర టన్ను కూడా ఇవ్వదు. అందరూ పామాయిల్ మానేసి సోయాకు మారితే అంతే నూనెకు ఆరేడు రెట్లు భూమి కావాలి, అప్పుడు మరో ఖండంలో మరో అడవి పోతుంది. అడగవలసింది అడవి నరకని తోటల నూనె. దాని కోసం 2004లో ఆర్‌ఎస్‌పీఓ అనే ధ్రువీకరణ వేదిక ఏర్పడింది. 2018లో సవరించిన దాని నియమాల ప్రకారం అడవి నరికీ, పీట్ నేలల్లోనూ కొత్త తోటలు వేయకూడదు. ఆ నియమాల అమలులో లోపాలున్నాయన్న విమర్శలూ ఉన్నాయి, అవి నిరాధారం కావు. అయినా ఆ ముద్ర ఉన్న నూనెకు యూరప్ కొనుగోలుదారులు గిరాకీ చూపుతున్నంతగా మన దేశంలో ఎవరూ చూపడం లేదు. మనం చౌకగా వస్తే చాలనుకుంటున్నాం. అందరికంటే ఎక్కువ దిగుమతి చేసుకునే దేశం అడగకపోతే అమ్మేవాడికి పట్టింపు ఎందుకుంటుంది? మీ అమ్మాయితో ఈ మాట చెప్పండి. తోట గురించి సిగ్గుపడవద్దనీ, సబ్బు కంపెనీకి ఉత్తరం రాయమనీ చెప్పండి.

ప్రశ్న: మీరు రాసిన పీట్ నేల అంటే ఏమిటి? అది తగలబడితే నెలల తరబడి ఆరదని విన్నాను. నేల ఎలా కాలుతుంది?
(ఒక విద్యార్థి, విశాఖపట్నం)

జవాబు: నీళ్లు నిలిచిన అడవిలో రాలిన ఆకులు, కొమ్మలు, మానులు గాలి తగలక పూర్తిగా కుళ్లవు. వేల ఏళ్లుగా ఒకదాని మీద ఒకటి పేరుకుని, కొన్ని చోట్ల పది మీటర్లకు మించిన మందాన నల్లటి మెత్తటి నేల అవుతుంది. అదే పీట్. తడిగా ఉన్నంతకాలం దానికి ఏ ప్రమాదమూ లేదు. కాలువ తవ్వి నీళ్లు తీసేస్తే అది పొయ్యిలో పెట్టే పిడకతో సమానం. నిప్పు పైన ఆరినట్టే కనిపించి, లోపల రాజుకుంటూ పాకి, మరో చోట పైకి లేస్తుంది.

మధ్య కాలిమంతాన్‌లో ఈ కాలువలు తవ్వించింది ప్రభుత్వమే. 1990ల నడిమధ్యలో అప్పటి ఇండోనేషియా అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వం పది లక్షల హెక్టార్ల పీట్ అడవిని వరి పొలాలుగా మార్చాలని పూనుకుని 4,000 కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వించింది. ఆ నేలలో వరి పండలేదు. 1997లో వాన వెనకబడగానే ఎండిన నేల అంటుకుని నెలల తరబడి కాలింది. ఆ పథకం ఆగిపోయింది కానీ కాలువలు మిగిలాయి. 2015లో మళ్లీ మంటలు లేచి ఇండోనేషియాలో సుమారు 26 లక్షల హెక్టార్లు కాలాయి. న్యారు మెంటెంగ్ చుట్టూ పొగ కమ్మి, పిల్లలకు దగ్గు, జ్వరాలు వచ్చి, అటవీ పాఠశాల వేళలను కూడా కుదించవలసి వచ్చింది. ఇప్పుడు అక్కడ జరుగుతున్న ముఖ్యమైన పని కాలువలకు అడ్డుకట్టలు వేయడం. మానులు పాతి, మట్టి బస్తాలు పేర్చి నీటిని నిలబెడితే నేల తిరిగి తడుస్తుంది. సుమారు 2,500 ఒరాంగుటాన్లు స్వేచ్ఛగా బతుకుతున్న మావాస్ ప్రాంతంలోనూ ఈ పనే సాగుతోంది. ఎవరూ ఫొటో తీసి పంపని పని ఇది, కానీ ఒక్కో అడ్డుకట్ట ఎన్ని తల్లులను కాపాడుతోందో!

ప్రశ్న: మా తాతముత్తాతలు రబ్బరు తోటల్లో పని చేయడానికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు. సెలవుల్లో బోర్నియోలోని మలేషియా రాష్ట్రం సబాకు వెళ్లి, సెపిలోక్ పునరావాస కేంద్రంలో ఒరాంగుటాన్లను చూశాం. అరటిపళ్లు పెట్టడం చూసి మా అబ్బాయి "ఇది జూ కదా" అన్నాడు. నాకు జవాబు తోచలేదు.
(ఒక పాఠకురాలు, ఈపో, మలేషియా)

జవాబు: మీ అబ్బాయి సరైన ప్రశ్నే అడిగాడు. సెపిలోక్ 1964లో మొదలైంది, ఇలాంటి కేంద్రాల్లో మొట్టమొదటి వాటిలో ఒకటి. అక్కడి అడవి 43 చదరపు కిలోమీటర్లే. వదిలినవి ఇష్టమైతే అరుగు దగ్గరికి వస్తాయి, అడవిలో పండ్లు దొరికే రోజుల్లో రావు. రాని రోజు చూడటానికి వచ్చినవారికి నిరాశ కలిగినా, నిర్వాహకులకు అది మంచిరోజు. ఎప్పుడూ ఒకే రకం పండ్లు పెట్టడం కూడా, విసుగు పుట్టి అవి సొంతంగా వెతుక్కోవాలనే. కంచె లేదు కాబట్టి అది జూ కాదు. మనిషి పెట్టే తిండి ఉంది కాబట్టి పూర్తి అడవీ కాదు. జలుబు చేసినవారు అక్కడికి వెళ్లకుండా ఉంటే చాలు, సందర్శకులు చేయగల పెద్ద మేలు అదే.

మళ్లీ సబా వెళితే కినబాతంగన్ నది మీద పడవలో తిరిగి రండి. నదికి రెండు పక్కలా తోటలు వచ్చాక మిగిలిన అడవి తునకలు తునకలైంది. ఒక తునకలో చిక్కుకున్న ఒరాంగుటాన్ ఈత రాక ఉపనదిని దాటలేదు. పూర్వం ఒడ్డు చెట్ల కొమ్మలు నది మీద కలుసుకునేవి. ఆ మహావృక్షాలు పోయాక ఆ దారీ పోయింది. సుకావు గ్రామంలో 1998 నుంచి పని చేస్తున్న హుతాన్ అనే సంస్థ అక్కడి వారితో కలిసి చెట్టుకూ చెట్టుకూ తాళ్ల వంతెనలు కట్టింది. ఒరాంగుటాన్ వాటిని వాడుకుంటుందా అని ఏళ్ల తరబడి చూశారు. 2010లో ఒక మగది ఆ తాడు పట్టుకుని నది దాటుతుండగా ఫొటో దొరికింది. ఆ గ్రామ మహిళలు నర్సరీలో మొక్కలు పెంచి, తునకల మధ్య నాటి, తీగలు కమ్మకుండా ఏళ్ల పాటు సాకుతున్నారు. వంతెన తాత్కాలికం, చెట్టు పెరిగేదాకా మాత్రమే.

ప్రశ్న: నేను నర్సుగా పని చేస్తున్నాను. జంతువుల గురించి నాకు తెలియదు. నా వృత్తిలో ఉన్నవారికి ఈ పనిలో చోటు ఉందా?
(ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: మీ ఉత్తరం నాకు ఎంతో సంతోషం కలిగించింది, ఎందుకంటే ఒరాంగుటాన్ల అడవిని కాపాడిన పనుల్లో ఒకటి ఆసుపత్రి పెట్టడం. పశ్చిమ కాలిమంతాన్‌లో గునుంగ్ పాలుంగ్ జాతీయ పార్కు అంచు పల్లెల్లో చాలామంది ఎందుకు చెట్లు కొడుతున్నారని అడిగితే, ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చుకు మరో దారి లేక అన్నారు. 2007లో కినారి వెబ్ అనే డాక్టరు అక్కడివారితో కలిసి సుకదానాలో అస్రీ అనే ఆసుపత్రి ప్రారంభించారు. డబ్బు లేనివారు మొక్కలతోనో, పశువుల ఎరువుతోనో, చేత్తో అల్లిన చాపలతోనో రుసుము చెల్లించవచ్చు. చెట్లు కొట్టడం మానిన పల్లెకు వైద్యం మరింత చౌక. రంపం అప్పగించి మరో వృత్తి పట్టేవారికి పెట్టుబడి ఇస్తారు, ఒంటరి మహిళలకు మేకలు ఇస్తారు. పదేళ్ల తర్వాత లెక్క తీస్తే, ఆ పార్కులో అడవి నరికివేత సుమారు 70 శాతం తగ్గిందని 2020లో ఒక పరిశోధన చెప్పింది. బిడ్డ జ్వరానికి మందు దొరికితే తండ్రి రంపం పట్టడు. అక్కడి నర్సులు ఒరాంగుటాన్‌ను ముట్టుకోరు, అయినా వాటిని కాపాడినవారిలో వాళ్లున్నారు.

ప్రశ్న: మన దేశంలో ఒరాంగుటాన్లు ఉన్నాయా?
(ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: అడవుల్లో లేవు. భువనేశ్వర్ నందన్‌కానన్‌లో బిన్నీ అనే ఆడది ఉండేది, అది 2019లో కన్నుమూసింది. మన అడవుల్లో ఉన్న తోక లేని వానరం హూలాక్ గిబ్బన్ ఒక్కటే. ఈశాన్య రాష్ట్రాల్లో, ముఖ్యంగా అస్సాంలోని జోర్హాట్ జిల్లా హోలోంగాపార్ అభయారణ్యంలో చూడవచ్చు. అదీ కొమ్మ దిగి నేల మీద నడవడానికి ఇష్టపడదు, అదీ తునకలైన అడవిలో చిక్కుకునే ఉంది.

ప్రశ్న: ఒరాంగుటాన్‌కు ఇల్లు ఉంటుందా? రాత్రి వాన వస్తే ఎక్కడ పడుకుంటుంది?
(ఏడో తరగతి విద్యార్థిని, కావలి)

జవాబు: ఉంటుందమ్మా, రోజుకో కొత్త ఇల్లు. మలయ్ భాషలో ఒరాంగ్ అంటే మనిషి, హుతాన్ అంటే అడవి. ఆ అడవి మనిషి రోజూ పొద్దువాలే వేళకు ఒక గట్టి చెట్టును ఎంచుకుంటుంది. కొమ్మల చీలికలో నిలబడి, చుట్టూ ఉన్న కొమ్మలను ఒక్కొక్కటిగా తన వైపు వంచి, పూర్తిగా తెగిపోకుండా విరిచి, కాళ్ల కింద పెట్టి తొక్కి, ఒకదానిలో ఒకటి దూర్చుతుంది. దాని మీద చిన్న చిన్న ఆకుల రెమ్మలు పరిచి పరుపు చేసుకుంటుంది. కొన్ని దిండు కూడా పెట్టుకుంటాయి. వాన పడుతుంటే పెద్ద ఆకుల కొమ్మలను నెత్తి మీద గొడుగులా కప్పుకుంటాయి. ఇదంతా అయిదు పది నిమిషాల పని. పిల్ల ఏడాది వయసు నుంచే పక్కన కూర్చుని చిన్న చిన్న రెమ్మలు వంచి ఆడుకుంటుంది. వంచిన రెమ్మ చేయి తీయగానే మళ్లీ పైకి లేస్తుంది, మళ్లీ వంచుతుంది. సొంతంగా పడుకోగల గూడు కట్టడానికి దానికి కొన్నేళ్లు పడుతుంది. అప్పటిదాకా తల్లి గూటిలోనే తల్లి పొట్టను కరుచుకుని పడుకుంటుంది.

నువ్వు అడిగావు కనుక ఒక సంగతి చెబుతాను. న్యారు మెంటెంగ్‌లో ఒక పిల్లను పై తరగతికి పంపాలా వద్దా అని చూసేటప్పుడు గమనించే ముఖ్యమైన విషయాల్లో ఇదొకటి: సాయంత్రం బండి వచ్చే వేళకు అది కిందికి దిగి వస్తుందా, లేక పైనే కొమ్మలు వంచుకుంటూ ఉండిపోతుందా అని.